బోరులో జాయింటుకున్న మర్యాద గోడలో జాయింటుకు ఎందుకు లేదు?

పోయిన వేసవిలో ధర్మవరం దగ్గర మా తోడల్లుడి చీనీ తోటలో బోరు మోటారు కాలిపోయిందంటే కర్నూలు నుంచి వెళ్ళాను. మోటారుకు కాయిల్ చుట్టించి తెచ్చి, మళ్ళీ బోరులోకి దించడానికి సిద్ధం చేస్తున్నారు. మోటారుతోపాటు వచ్చే కేబులు రెండు మూడు మీటర్లకు మించి ఉండదు కనుక, పైనుంచి వచ్చే పొడవాటి కేబులును దానికి అతకాలి. ఐదు వందల అడుగుల లోతున, నీళ్ళలో మునిగి, ఎవరి కంటికీ కనిపించకుండా ఏళ్ళ తరబడి ఉండవలసినది ఆ అతుకే. మెకానిక్కు వేపచెట్టు నీడలో గోనెపట్ట పరుచుకుని కూర్చున్నాడు. ఒక అతుకు పక్కనే ఇంకో అతుకు రాకూడదని కేబులు లోపలి మూడు తీగలనూ (కోర్లనూ) మూడు వేర్వేరు పొడవుల్లో కత్తిరించాడు. రాగి పోగులను ఎమెరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది, రాగి గొట్టంలోకి రెండు వైపుల నుంచీ దూర్చి, క్రింపింగ్ టూలుతో నొక్కి, ఒక్కొక్కదాన్నీ బలంగా లాగి చూశాడు. తర్వాత రబ్బరు టేపు సాగదీసి చుట్టి, దాని మీద పీవీసీ టేపు చుట్టాడు. అంతటితో సరిపెట్టకుండా జాయింట్లను బకెట్టు నీళ్ళలో ముంచి, కాసేపు నాననిచ్చి, తొడుగులోంచి కరెంటు లీకవుతుందా అని కొలిచే మెగ్గర్ పెట్టి చూశాడు. గంటకు పైగా పట్టింది. మా తోడల్లుడు పక్కనే నిలబడి, "నిదానంగానే చెయ్యన్నా, మళ్ళా ఎత్తాలంటే మన వల్ల కాదు" అంటూనే ఉన్నాడు.

ఆ సాయంత్రం తోటకు ఆనుకుని కడుతున్న అతని కొత్త ఇంటికి వెళ్ళాం. ప్లాస్టరింగు అయిపోయి, పైపుల్లోకి వైర్లు లాగుతున్నారు. పడకగదిలో ఏసీ పాయింటుకు వెళ్ళే వైరు ఒక బారెడు తక్కువ పడింది. పని చేస్తున్న కుర్రాడు మిగిలిన ముక్కల్లోంచి ఒకటి ఏరి, కొసలను పళ్ళతో ఒలిచి, రెండు మెలికలు తిప్పి, పైన టేపు చుట్టి, వైరు లాగే స్ప్రింగుకు కట్టి పైపులోకి లాగేశాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. "జాయింటు పైపు లోపలికి పోయింది కదా నాయనా" అన్నాను. "ఏం కాదులే సార్, టేపు గట్టిగా సుట్నా" అన్నాడు. పొద్దున బోరు దగ్గర గంటసేపు ఎండకు నిలబడిన మా తోడల్లుడు ఇక్కడ నోరు మెదపలేదు. ఆ గదిలో పడుకోబోయేది అతని పిల్లలు.

ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివి, వైర్‌మన్ పర్మిట్ తీసుకుని, ముప్పై ఏళ్ళుగా కర్నూలులో ఇళ్ళ వైరింగు చేస్తున్నవాడిని. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. బోరులో జాయింటు పాడైతే ఎత్తుడు మిషను, నలుగురు మనుషులు, ఒక రోజు పని, ఎండిపోయే తోట అన్నీ కళ్ళ ముందు కనిపిస్తాయి కనుక దానికి మర్యాద చేస్తున్నాం. గోడలో జాయింటు పాడైతే ఏమవుతుందో కనిపించదు కనుక దాన్ని లెక్కలోకే తీసుకోవడం లేదు. రెండూ చేతికి అందని చోట్లే. రెండిటిలోనూ నడిచేది అదే కరెంటు. గోడలో జాయింటు వేస్తే బోరు జాయింటులా వెయ్యాలి, లేదంటే అసలు వెయ్యకూడదు అన్నదే నా వాదన. ఇంటి వైరింగులో వెయ్యకుండా ఉండడం సాధ్యమే కాబట్టి వెయ్యకూడదనే అంటాను.

"టేపు గట్టిగా చుట్టాను" అన్న మాట ఆ కుర్రాడిది మాత్రమే కాదు, నేను చూసిన ఇంటి యజమానులలో చాలామందిది కూడా. జాయింటు అనగానే అందరికీ కనిపించేది టేపే. కానీ జాయింటులో రెండు వేర్వేరు పనులు ఉన్నాయి. రాగికీ రాగికీ నడుమ సందు లేకుండా కరెంటు దారి కల్పించడం మొదటిది. ఆ రాగి మనిషికీ, పక్క వైరుకూ, తడికీ తగలకుండా కప్పడం రెండోది. టేపు చేసేది రెండో పని ఒక్కటే. మొదటి పని సరిగా జరగకపోతే టేపు ఎంత గట్టిగా చుడితే లోపలి వేడిని అంత బాగా దాచిపెడుతుంది. షాకు కొట్టకపోతే జాయింటు బాగున్నట్టేనని జనం అనుకుంటారు, కానీ నేను తెరిచి చూసిన కాలిన జాయింట్లలో ఎక్కువ భాగం ఎవరికీ షాకు కొట్టినవి కావు.

ఇందులో ఉన్న లెక్క పదో తరగతి పిల్లలకు కూడా తెలిసినదే. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ఒక మీటరు పొడవుకు నిరోధం 7.4 నుంచి 8 మిల్లీ ఓముల దాకా ఉంటుంది. కాబట్టి అంగుళాలలో ఉండే జాయింటు, సరిగా వేస్తే, అర మిల్లీ ఓమును దాటకూడదు. మెలిక వదులై, పోగుల మీద నలుపు పట్టి, ఆ నిరోధం అర ఓముకు చేరిందనుకుందాం. రెండు కిలోవాట్ల గీజరు 230 వోల్టుల మీద దాదాపు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే ఆ జాయింటులో పుట్టే వేడి 38 వాట్ల దాకా వస్తుంది. నా సంచిలో ఉన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది, దాని కొసకు తగిలిన సీసం క్షణంలో కరిగిపోతుంది. అంతకంటే ఎక్కువ వేడిని చిటికెనవేలంత చోట, గాలి ఆడని పైపులో, టేపు చుట్టి గోడలో పెట్టుకున్నామన్న మాట. వైరు మీది పీవీసీ తొడుగు నిరంతరం తట్టుకోగలిగేది 70 డిగ్రీల వరకే. ఆపైన మెత్తబడుతుంది, పెళుసెక్కుతుంది, బాగా కాలితే గొంతు మండించే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువును వదులుతుంది.

వేడెక్కిన రాగి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నల్లబడుతుంది, ఆ నలుపు నిరోధాన్ని పెంచుతుంది, పెరిగిన నిరోధం వేడిని పెంచుతుంది. గీజరు వేసినప్పుడు వ్యాకోచించి, ఆపినప్పుడు సంకోచించి, రోజుకు రెండు మూడుసార్లు ఆ మెలిక కొంచెం కొంచెంగా సడలుతుంది. వేసిన రోజున చల్లగా ఉన్న జాయింటు నాలుగేళ్ళకు కాలడం ఇందువల్లనే. "ఇన్నేళ్ళుగా బాగానే ఉంది కదా" అనే యజమాని అబద్ధం చెప్పడం లేదు, జాయింటు చెడే తీరే అది.

"ఎంసీబీ ఉంది కదా, పడిపోతుందిలే" అని చాలామంది నాతో వాదిస్తారు. కరెంటు మితిమీరితే తనంత తానే పడిపోయే స్విచ్చు ఎంసీబీ, అది చూసేది తనలోంచి ఎంత కరెంటు పోతోందన్నది మాత్రమే. 16 ఆంపియర్ల ఎంసీబీకి 8.7 ఆంపియర్లంటే ప్రశాంతంగా ఉన్నట్టే. పాడైన జాయింటు వల్ల కరెంటు పెరగదు, పైగా పిసరంత తగ్గుతుంది. ఆర్‌సీసీబీ అనే లీకు కాపలా స్విచ్చు, పోయిన కరెంటూ తిరిగి వచ్చిన కరెంటూ సమానమా కాదా అని చూస్తుంది, 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే ప్రాణం కాపాడుతుంది. ప్రతి ఇంట్లోనూ అది ఉండాలని నేను పట్టుబట్టి పెట్టిస్తాను. అయినా కరెంటు ఎక్కడికీ లీకవకుండా తన దారిన తాను పోతూ, దారిలో ఒక్క చోట రాగిని ఎర్రగా కాల్చుతుంటే దానికీ తెలియదు. ఎఫ్ఆర్ వైరు కొన్నాం కనుక భయం లేదనుకోవడం కూడా పొరపాటే. మంటను త్వరగా అంటించుకోని గుణం వైరు తొడుగుకు ఉంది, మనం చుట్టిన టేపుకు అది వచ్చి చేరదు. జాయింటుకు కాపలా పెట్టగలిగినవి మన కన్నూ, ముక్కూ, చెయ్యీ మాత్రమే. అవి అందని చోట జాయింటు పెట్టడమంటే కాపలా తీసేసినట్టే.

కర్నూలులో ఒక ఇంటికి ఆరేడేళ్ళ కిందట ఇందుకోసమే పిలిచారు. గీజరు వేసినప్పుడల్లా పడకగదిలో చేపల వాసనలాంటిది వస్తోందని ఆ ఇంటి అమ్మ చెబితే, బయటి నుంచి వస్తోందని మిగతావాళ్ళు కొట్టిపారేశారట. బీరువా వెనక గోడ మీద చెయ్యి పెట్టి చూస్తే అరచెయ్యి వెడల్పున గోరువెచ్చగా ఉంది. గోడ కొట్టి పైపు కోస్తే లోపల నాలుగు అంగుళాల మేర పైపే గోధుమరంగుకు తిరిగి వంగిపోయి ఉంది. టేపు బూడిదయింది. రాగి పోగులు వేలితో నలిపితే పొడిపొడిగా రాలాయి. ఫేజు వైరు పక్కనే ఎర్తు వైరు తొడుగు కరిగి అంటుకుని ఉంది. ఇంకొన్ని వారాలు గడిస్తే ఏం జరిగేదో నేను చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు. ఆ అమ్మ మాత్రం బీరువాలోని పిల్లల బట్టలన్నీ తీసి మంచం మీద పెట్టుకుంది.

మన సీమలో ఇంకో సంగతి ఉంది. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలులోనూ అనంతపురంలోనూ నీడలోనే 42, 43 డిగ్రీలు చూస్తాం. పైకప్పులో పోసిన పైపు పగలంతా ఎండకు కాగి, రాత్రి పొద్దుపోయేదాకా వేడిగానే ఉంటుంది. 70 డిగ్రీలు తట్టుకునే వైరు 50 డిగ్రీల పైపులో పడుకుంటే దానికి మిగిలిన వెసులుబాటు ఇరవై డిగ్రీలే. కూలర్లూ ఏసీలూ అన్నీ ఒకేసారి నడిచేది కూడా ఆ నెలల్లోనే. చల్లటి ఊళ్ళో పదేళ్ళు ఓర్చుకునే వదులు జాయింటు ఇక్కడ ఓర్చుకోదు.

వేడి సంగతి అలా ఉంటే, నీటి సంగతి నాకు 2009లో తెలిసింది. ఆ ఏడాది అక్టోబరు 2న తుంగభద్రా హంద్రీ నదులు కలిసి కర్నూలు మీదికి వచ్చాక, నీళ్ళు తీసిన తర్వాత వారాల తరబడి పాతబస్తీ ఇళ్ళలో బోర్డులు విప్పుతూనే ఉన్నాను. పైపుల నిండా బురద. మునిగిన వైరింగు మొత్తం మార్చుకోవడమే మేలని ప్రతి ఇంట్లోనూ చెప్పాను, కానీ బియ్యం కూడా కొట్టుకుపోయిన ఇళ్ళలో అందరికీ ఆ స్తోమత ఎక్కడిది? మార్చుకోలేనివాళ్ళకు పైపులు కడిగి, రోజుల తరబడి ఆరబెట్టి, 500 వోల్టుల మెగ్గర్‌తో ఒక్కొక్క వైరునూ చూసి, ఒక మెగా ఓము కంటే తగ్గిన లైనుకు కరెంటు ఇవ్వలేదు. అప్పుడు గమనించిందేమంటే, బోర్డు నుంచి బోర్డు దాకా ఒకే ముక్కగా నడిచిన వైర్లు చాలావరకు ఆరి తేరుకున్నాయి. మధ్యలో అతుకున్న వైర్లు ఎంత ఆరబెట్టినా మెగ్గర్ ముల్లు కిందికే పడేది. లాగి బయటికి తీస్తే టేపు కింద రాగి పచ్చగా కిలుము పట్టి ఉండేది. టేపు అంచు కింద నుంచి చొరబడిన నీళ్ళు బయటికి పోయే దారి లేక అక్కడే నిలిచిపోయాయి. తడిని ఆపాలని చుట్టిన టేపే తడిని పట్టి ఉంచింది.

మా చిన్నతనంలో మిద్దె ఇళ్ళలో టేకు బ్యాటెన్ మీద క్లిప్పులు కొట్టి వైర్లు పరిచేవారు. చూడడానికి అందంగా ఉండేది కాదు, దుమ్ము పట్టేది, సున్నం వేసేటప్పుడు అడ్డం. అయినా వైరు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఇంట్లో ముసలమ్మకు కూడా తెలిసేది. ఎక్కడైనా నల్లబడితే కనిపించేది. పైపులు గోడలోకి పోయాక గోడలు శుభ్రమయ్యాయి. ఆ శుభ్రత వద్దని నేను అనను. కానీ పైపు అనేది వైరును దాటించే దారి, జాయింటును దాచే గూడు కాదు.

అసలు గోడలోకి ఈ జాయింట్లు ఎలా వస్తున్నాయన్నది ఆలోచిస్తే తప్పంతా పనివాడి మీద వెయ్యలేం. ఇంటి వైరు కాయిల్ మామూలుగా 90 మీటర్లు ఉంటుంది. ప్రతి కాయిల్ చివరా ఐదారు మీటర్ల ముక్క మిగులుతుంది, ఏ పాయింటుకూ అది సరిపోదు. రాగి ధర మండిపోతున్న రోజుల్లో యజమాని ఆ ముక్కలను చూసి "ఇవి పారేస్తారా?" అంటాడు. ఆ మాటకు మొహమాటపడే పనివాడు రెండు ముక్కలు కలిపి ఒక పాయింటు లాగుతాడు. మా ప్రాంతంలో ఇంటి వైరింగు కూలి పాయింట్ల లెక్కన మాట్లాడుకుంటాం. లైటు ఒక పాయింటు, ఫ్యాను ఒక పాయింటు, సాకెట్టు ఒక పాయింటు. జాయింటు ఏ లెక్కలోనూ లేదు. శుభ్రంగా జాయింటు వేసి సోల్డరు పట్టించడానికి అరగంట పడితే ఆ అరగంటకు ఎవరూ డబ్బు ఇవ్వరు. రెండు మెలికలు తిప్పినవాడికీ అరగంట కూర్చున్నవాడికీ కూలి ఒకటే అయినప్పుడు, మొదటివాడే త్వరగా ఇంకో ఇల్లు పట్టుకుంటాడు. బోరు మెకానిక్కుకు ఇచ్చే మర్యాద ఇంటి ఎలక్ట్రీషియన్‌కు ఇవ్వండి అని నేను అనడంలో అర్థం ఇదే. పైపులో ఒక్క జాయింటు కూడా ఉండకూడదని ముందే ఒప్పందం చేసుకోండి, వృథా పోయే ముక్కల ఖర్చు మీరు భరించండి. మొత్తం ఇంటికి పోయే ఆ ముక్కల ఖరీదు గుమ్మానికి కొనే తాళం కంటే పెద్దగా ఎక్కువ ఉండదు.

జాయింటు లేకుండా ఇల్లు వైరింగు చెయ్యడం కుదరదని అనేవాళ్ళు లూపింగు సంగతి మరిచిపోతున్నారు. మన దేశంలో ఇంటి వైరింగుకు ప్రమాణమైన ఐఎస్ 732 చెప్పేది కూడా లూపింగు పద్ధతినే. వైరును స్విచ్చు టెర్మినల్ దాకా తెచ్చి, అదే టెర్మినల్ నుంచి తర్వాతి పాయింటుకు తీసుకుపోవాలి. దారిలో కోసి అతకకూడదు. కలపక తప్పనప్పుడు బాక్సులో, సరైన కనెక్టరుతో కలపాలి. ఇందుకు వైరు కొంత ఎక్కువ పడుతుంది, అంతకు మించి ఇబ్బంది లేదు.

అయితే జాయింటు తప్పని రోజులు ఉంటాయి. ఎలుక కొరికిన వైరు, మేకు దిగిన వైరు, కొత్తగా కట్టిన గదికి పాత లైను పొడిగించడం, ఇవన్నీ నా పనిలో వారానికోసారి వస్తాయి. అప్పుడు మొదటి నియమం చోటు. విప్పి చూడగలిగే మూత ఉన్న జంక్షన్ బాక్సులోనో, స్విచ్ బోర్డు వెనకనో, ఫ్యాన్ బాక్సులోనో మాత్రమే జాయింటు ఉండాలి. ఆ మూత మీద లప్పం పూసి రంగు వేస్తే అది మళ్ళీ గోడే అయిపోతుంది. పెయింటర్లకు ఈ మాట ముందే చెప్పకపోతే తప్పకుండా పూసేస్తారు.

రెండోది కొసలు ఒలవడం. పళ్ళతో, అగ్గిపుల్లతో కాల్చి, బ్లేడును నిలువుగా పెట్టి ఒలిచే అలవాట్లన్నీ నేను కూడా మొదట్లో చూసి నేర్చుకుని, తర్వాత మానుకున్నవే. 2.5 వైరులో 36 సన్న పోగులు ఉంటాయి. బ్లేడు నిలువుగా దిగితే అందులో ఆరేడు తెగుతాయి, ఆ చోట వైరు ఆ మేరకు సన్నబడుతుంది, మనం కొన్న సైజు ఆ ఒక్క చోట మనది కాదు. స్ట్రిప్పర్ లేకపోతే కత్తిని పెన్సిలు చెక్కినట్టు వాలుగా పట్టాలి. రాగి నల్లబడి ఉంటే రుద్ది మెరిపించాలి. ఒకే సైజు వైర్లనే కలపాలి. 4 సైజు లైనుకు మధ్యలో 1 సైజు ముక్క అతికితే, లావు వైరును చూసి పెట్టిన ఎంసీబీ సన్న వైరును కాపాడదు.

మెలిక వేసే జాయింట్లను ఐటీఐలో మాకు మొదటి ఏడాదే నేర్పారు. మ్యారీడ్, వెస్టర్న్ యూనియన్, బ్రిటానియా, టీ జాయింటు, ఒక్కొక్కటీ పదిసార్లు వేయించి, మాస్టారు రెండు చేతులతో లాగి చూసి ఊడితే మళ్ళీ వేయించేవారు. ఒక్కొక్క వైరు కొస రెండో వైరు చుట్టూ కనీసం ఐదారు బిగువైన చుట్లు తిరగాలి. చివరి కొసలను ప్లయరుతో నొక్కెయ్యాలి, లేకపోతే అవి ముల్లులా లోపలినుంచి టేపును పొడుస్తాయి. మెలిక తర్వాత సోల్డరు పట్టించకపోతే ఆ జాయింటు సగమే అయినట్టు. ఐరన్‌తో రాగిని వేడి చేసి, రాగి వేడికి సీసం కరిగి పోగుల్లోకి పీల్చుకునేలా చెయ్యాలి. సీసాన్ని కరిగించి పైన బొట్టులా కార్చడం సోల్డరింగు కాదు. ఫ్లక్సుగా రోజిన్ వాడాలి, యాసిడ్ వాడితే నెలల తర్వాత రాగిని తినేస్తుంది. ఇక్కడ చాలామంది చేసే మంచి ఉద్దేశపు తప్పు ఒకటి ఉంది. స్క్రూ కింద బిగించే కొసకు కూడా సీసం పూస్తారు. సీసం మెత్తటిది, స్క్రూ ఒత్తిడికి కాలక్రమాన జారిపోతుంది, బిగువు సడలుతుంది. స్క్రూ కిందికి పోయే కొసకు లుగ్గు (వైరు కొసకు తొడిగే లోహపు తొడుగు) క్రింపు చెయ్యండి, లేదా శుభ్రంగా మెలివేసిన రాగినే బిగించండి.

ఈ రోజుల్లో నేను బాక్సులో ఎక్కువగా వాడేది లీవరు కనెక్టర్లు. వాటి మీద రాసిన పొడవు మేరకు ఒలిచి, దూర్చి, లీవరు నొక్కితే స్ప్రింగు పట్టుకుంటుంది. మనిషి చేతి నైపుణ్యం మీద ఆధారపడడం తగ్గుతుంది. అచ్చు పోసినట్టు మంచి మెలిక జాయింటు వేయగలిగినవాడికి అవి అవసరం లేదని మా తోటివాళ్ళు అంటారు. నిజమే, కానీ మన ఊళ్ళో ఈ రోజు వైర్లు లాగుతున్న కుర్రాళ్ళలో ఎంతమందికి సోల్డరింగ్ ఐరన్ ఉంది? ఏది వాడినా చివర లాగి చూడాలి. ధర్మవరం మెకానిక్కు చేసిన ఆ ఒక్క పని ప్రతి జాయింటుకూ చెయ్యదగినది, దానికి ఖర్చు ఏమీ లేదు.

ఇప్పుడు టేపు గురించి. 2.5 వైరు తొడుగు మందం సుమారు 0.8 మిల్లీమీటర్లు. మామూలు పీవీసీ టేపు మందం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు, అంటే 0.125. తీసేసిన తొడుగుకు సమానం కావాలంటే ఏడు పొరలకు తగ్గకూడదు. ఒక చుట్టు మీద సగం ఇంకో చుట్టు పడేలా చుడుతూ పోతే ఒక్క వరసకు రెండు పొరలు వస్తాయి, నాలుగు వరసలు చుడితే సరిపోతుంది. ఒలవని తొడుగు మీద ఒక అంగుళం ముందే మొదలుపెట్టి, అవతల ఒక అంగుళం దాటాలి. చుట్టేటప్పుడు కొద్దిగా సాగదీయాలి, చివరి చుట్టును మాత్రం సాగదీయకుండా అతికించాలి, లేకపోతే అది వెనక్కి లాక్కుని ఊడుతుంది. చేతికి చెమట, సిమెంటు దుమ్ము ఉంటే టేపు పట్టదు. తడి తగిలే చోట పీవీసీ కింద రబ్బరు టేపు ఉండాలి. వీలున్న చోట మెలికకు ముందే, వేడికి ముడుచుకుని బిగుసుకునే హీట్ ష్రింక్ స్లీవు తొడిగి, తర్వాత జాయింటు మీదికి జరిపి వేడి చేస్తే టేపు కంటే మన్నుతుంది. ప్లాస్టిక్ కవరు ముక్క, సెల్లో టేపు, ఆసుపత్రి ప్లాస్టరు, ఇవన్నీ నేను కర్నూలు ఇళ్ళలో జాయింట్ల మీద చూశాను. నల్ల గుడ్డ టేపు ఒక్కటే చుట్టి వదిలేసినవీ చూశాను. అది పూర్వం రబ్బరు టేపు మీద రక్షణగా చుట్టేది, అంతే తప్ప తనంత తాను ఇన్సులేషను కాదు.

న్యూట్రల్ జాయింటును "అందులో కరెంటు ఉండదు" అనుకుని తేలిగ్గా వేసేవాళ్ళున్నారు. ఫేజులో ఎంత పోతుందో న్యూట్రల్‌లో అంతే తిరిగి వస్తుంది, వేడి రెండిటికీ ఒకటే. న్యూట్రల్ జాయింటు తెగితే దాని అవతలి వైరంతా, వేసి ఉన్న బల్బు గుండానో ఫ్యాను గుండానో, ఫేజు అవుతుంది. సాకెట్టులో రెండు రంధ్రాలలోనూ టెస్టరు వెలుగుతుంది. అది చూసి "రివర్సు కొడుతోంది" అని స్విచ్చు మార్చి పోయినవాళ్ళ తర్వాత నేను వెళ్ళిన ఇళ్ళు ఉన్నాయి. మూడు ఫేజుల సర్వీసు ఉన్న ఇంట్లో మెయిన్ న్యూట్రల్ సడలితే ఒక గదిలో లైట్లు మసకబారి, ఇంకో గదిలో టీవీ కాలిపోతుంది. ఎర్తు జాయింటు సంగతి ఇంకా దయనీయం. అది తెగినా లైటు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, ఎవరూ గమనించరు. వాషింగ్ మిషను బాడీకి కరెంటు వచ్చిన రోజున మాత్రమే దాని అవసరం పడుతుంది. ఇంట్లో మూడు రకాల జాయింట్లు ఉంటే నేను మొదట విప్పి చూసేది ఎర్తునే.

అల్యూమినియం వైరును రాగి వైరుకు నేరుగా మెలివేయడం పాత ఇళ్ళలో ఇప్పటికీ కనిపిస్తుంది. అల్యూమినియం మీద గాలి తగిలిన వెంటనే కరెంటు పోనివ్వని పొర ఏర్పడుతుంది. వేడికి అది రాగి కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది. ఒత్తిడికి నెమ్మదిగా అణిగిపోతుంది. తడి తగిలితే రెండు లోహాల నడుమ తినివేత మొదలవుతుంది. వానపడ్డ రోజు చూరు కింద నిప్పురవ్వలు రాలే జాయింటు చాలాసార్లు ఇదే. రెండు లోహాలకూ పనికొచ్చే బైమెటాలిక్ లుగ్గుతో తప్ప వీటిని కలపకూడదు. స్తంభం నుంచి మీటరు దాకా ఉన్న జాయింటును ఇంటివాళ్ళు గానీ నాలాంటి వాళ్ళు గానీ ముట్టకూడదు, విద్యుత్ సంస్థ సిబ్బందినే పిలవాలి.

ఇల్లు కట్టేసి ఏళ్ళయినవాళ్ళు గోడలన్నీ కొట్టించమని నేను అనడం లేదు. గీజరో ఏసీయో అరగంట నడిచాక స్విచ్ బోర్డు మీద, ఆ లైను పోయే గోడ మీద అరచేతి వెనక భాగం ఆనించి చూడండి. ప్లేటు గోధుమరంగుకు తిరిగిందా, పెద్ద లోడు వేసినప్పుడు లైటు మినుకుమంటోందా, కాలిన ప్లాస్టిక్ లేదా చేపల వాసన వస్తోందా గమనించండి. వీటిలో ఏది ఉన్నా ఆ లైను ఎంసీబీ దించి, ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా వెయ్యకండి. విప్పేది ఎవరైనా సరే, మెయిన్ దించితే చాలదు. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మెయిన్ దించినా కొన్ని లైన్లలో కరెంటు ఉంటుంది, కరెంటు పోయిందని ఇన్వర్టర్ అప్పుడే నిద్రలేస్తుంది. ఇన్వర్టర్ కూడా ఆపాలి. టెస్టరును ముందు కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి పని చేస్తోందని చూసుకుని, తర్వాత విప్పబోయే చోట చూసి, మళ్ళీ మొదటి చోట చూసుకోవాలి. ఈ మూడో అడుగు దాటవేసినవాళ్ళలో ఒకడు నా తోటివాడు. అతను ఇప్పుడు లేడు.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ మా తోడల్లుడి కొత్త ఇంటికి వెళ్ళాను. ఆ కుర్రాడిని తిట్టలేదు, పక్కన కూర్చోబెట్టుకుని నిన్నటి బోరు జాయింటు గురించి చెప్పాను. ఏసీ వైరు ఒక చివర పట్టుకుని ఇద్దరం లాగాం, మధ్యలో అతుకుతో సహా బయటికి వచ్చింది. వంటగది, హాలు వైర్లలో ఇంకో రెండు దొరికాయి. వాటి బదులు కొత్త కాయిల్ నుంచి కొలత తీసుకుని ఒకే ముక్కగా లాగాం. చివరి గదిలో గీజరు లైను మాత్రం ఎంత లాగినా కదలలేదు, బెండు దగ్గర ఏదో అడ్డం పడింది. "అన్నా, ఆడ నిన్ననే లప్పం పూసినారు, కొట్టాల్నా?" అని మా తోడల్లుడు అడిగాడు. కొట్టమన్నాను. జానెడు మేర గోడ తెరిచి పైపు కోస్తే, బెండు మలుపులో ముడిలా ఇరుక్కుని ఉంది జాయింటు. లాగిన లాగుడుకు టేపు ఒక పక్కకు జరిగిపోయి రాగి బయటపడింది. మా తోడల్లుడు దాన్ని చేతిలోకి తీసుకుని కాసేపు చూసి, కుర్రాడి చేతికి ఇచ్చి, మేస్త్రీని పిలవడానికి వెళ్ళాడు.